వంద క్రెడిట్ల పెట్టుబడి: రాయగడ నుంచి ఒక అంతరిక్ష వ్యాపారం డైరీ

మే మొదటి వారం: లావేలో మొదటి లోడు

అంతరిక్షంలో ఓడ నడుపుతూ లోకాల మధ్య సరుకు వ్యాపారం చేసే ఒక కంప్యూటర్ ఆట మాకు దొరికింది. ఆట పేరు ఊలైట్. ఉచితంగా దొరుకుతుంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్‌కైనా భారం కాదు. డేవిడ్ బ్రేబన్, ఇయన్ బెల్ కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటూ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాసిన ఎలీట్ ఆట 1984 సెప్టెంబరులో వచ్చింది. ఆ కంప్యూటర్ జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. అందులోనే ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కో మండలంలో 256 లోకాలు ఇమిడ్చారు. అన్ని లోకాల వివరాలనూ దాచుకునే చోటు లేదు కాబట్టి, కొన్ని సంఖ్యల నుంచి లెక్క కట్టి అప్పటికప్పుడు పుట్టించేవారు. ఆ ఆటనే ఆధారం చేసుకుని గైల్స్ విలియమ్స్ ఊలైట్ మొదలుపెట్టారు. తర్వాత ఎందరో ఔత్సాహికులు దాన్ని పెంచుతూ వచ్చారు.

నేను ఒడిశాలోని రాయగడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. మా మేనల్లుడికి వేసవి సెలవులు. వాడి బడి చదువు ఒడియాలో సాగుతుంది, ఇంట్లో మాట తెలుగు. తెలుగు చదవగలడు గానీ రాయమంటే కలం ఆగిపోతుంది. సెలవుల్లో రాతా లెక్కా రెండూ పట్టుబడే పని ఏదైనా చేయిద్దామని చూస్తుంటే వాడే ఈ ఆట చూపించి, "అత్తా, నేను ఓడ నడుపుతాను, నువ్వు ఖాతా చూడు" అన్నాడు. ఖాతా వాడే రాయాలి, నేను పక్కన కూర్చుంటాను అని తేల్చాం. ప్రతి కొనుగోలూ ప్రతి అమ్మకమూ తెలుగులో పుస్తకానికి ఎక్కాలి.

లక్ష్యం పుస్తకం మొదటి పేజీలో ఉంది: దోపిడీ చేయకుండా, నిషిద్ధ సరుకు ముట్టకుండా, 100 క్రెడిట్లతో (ఆటలో డబ్బు క్రెడిట్లే) మొదలుపెట్టి, ఓడను తనంతట తానే స్టేషన్‌లోకి దించే డాకింగ్ కంప్యూటర్ కొనాలి. దాని ధర 1,500 క్రెడిట్లు.

ఆట లావే అనే లోకం దగ్గర తిరిగే స్టేషన్‌లో మొదలవుతుంది. ఇచ్చే ఓడ కోబ్రా మార్క్ 3. సరుకు గదిలో 20 టన్నులు పడుతుంది. ముందువైపు ఒక పల్స్ లేజర్, కొన్ని క్షిపణులు, ఏడు కాంతి సంవత్సరాలకు సరిపడా ఇంధనం, చేతిలో 100 క్రెడిట్లు ఉంటాయి. కొత్తవాళ్లకు నిజానికి ఇది మంచి ఆస్తే. కొరత ఒక్క నగదుకే.

లావే సంపన్న వ్యవసాయ లోకం. ఒక్క దూకుడు దూరంలో, అంటే ఓడ ఒక్కసారి గెంతితే చేరేంత దూరంలో ఉన్న జయాన్స్ పారిశ్రామిక లోకం. తిండి ఇక్కడ చవక, అక్కడ ప్రియం. ఆహారం టన్ను 3.6 క్రెడిట్లకు దొరికింది. మార్కెట్లో ఉన్నదే 16 టన్నులు, మొత్తం తీసుకున్నాం: 57.6. మిగిలిన నాలుగు టన్నుల చోటులో వస్త్రాలు, టన్ను 6.4 చొప్పున 25.6. చేతిలో 16.8 మిగిలింది. అది ఇంధనానికి. పూర్తి ట్యాంకు నింపితే 14 క్రెడిట్లవుతుంది. ఇంధనం డబ్బు పక్కన పెట్టకుండా లోడు ఎత్తకూడదు. మా ఆఫీసులో కూడా డీజిల్ అడ్వాన్సు లెక్క తేలాకే బిల్టీ (లారీ సరుకు రసీదు) రాస్తాం.

అదే వారం: జయాన్స్ స్టేషన్ ముందు

డబ్బు సంగతికి ముందు ఓడను స్టేషన్‌లోకి చేర్చడం గురించి చెప్పాలి. ఇది రానివాళ్లు వ్యాపారం మొదలుపెట్టకముందే ఆట వదిలేస్తారు.

స్టేషన్ తన ఇరుసు మీద నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. గ్రహం వైపు ఉన్న ముఖంలో పొడవాటి ఇరుకు ద్వారం ఉంటుంది. దారి అదొక్కటే. ఎటునుంచి వచ్చినా సరే, ముందు స్టేషన్‌ను దాటి గ్రహం వైపుకు వెళ్లాలి. అక్కడ ద్వారానికి సూటిగా ఎదురుగా ఒక బోయా, అంటే దారి చూపే గుర్తు, తేలుతూ ఉంటుంది. బోయా దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, ద్వారాన్ని తెర మధ్యకు తెచ్చుకోవాలి. వేగం బాగా తగ్గించాలి. స్టేషన్ ఏ వైపు తిరుగుతోందో చూసి ఓడను కూడా అదే వైపు, అదే వేగంతో దొర్లించాలి. రెండు తిరుగుళ్లూ కలిసిన క్షణంలో స్టేషన్ నిలిచిపోయినట్టు, నక్షత్రాలే చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ద్వారం తెర మీద అడ్డంగా, నేలకు సమాంతరంగా ఉండాలి. నిలువుగా ఉన్నప్పుడు లోపలికి పోతే రెక్కలు గోడకు తగులుతాయి.

మావాడు రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ద్వారం అడ్డంగా వచ్చింది, కొంచెం వాలింది, మళ్లీ సర్దుకుంది. "ఇప్పుడు మీటలు వదిలెయ్" అన్నాను. తెర ఒక్కసారి నల్లబడి, స్టేషన్ లోపలి పట్టిక వచ్చింది. వాడి అరుపుకి వీధిలో పడుకున్న కుక్క లేచింది.

ఆహారం 6.8కి, వస్త్రాలు 8కి పోయాయి. పాత నగదుతో కలిపి 157.6. ఇంధనం నింపాక దాదాపు 145.

ఇక్కడే నేను గట్టిగా పట్టుబట్టిన సంగతి వచ్చింది. మావాడు వెంటనే లావేకి దూకి మళ్లీ ఆహారం ఎత్తుదామన్నాడు. మా ఆఫీసులో ఉన్నవాళ్లెవరూ ఆ మాట అనరు. రాయగడ నుంచి చింతపండో, కొండ చీపుళ్లో, కాగితం రీళ్లో వేసుకుని పార్వతీపురం మీదుగా విజయనగరం దిగే లారీకి పోయేటప్పటి కిరాయి ఖర్చులకే సరిపోతుంది. యజమానికి మిగిలేది రిటర్న్ లోడులో. సిమెంటో, కిరాణా సరుకో, ఏదో ఒకటి దొరికేదాకా డ్రైవర్ అక్కడే ఆగుతాడు గానీ ఖాళీ బండితో ఘాట్ ఎక్కడు. ఓడకైనా లెక్క అదే. పారిశ్రామిక లోకం నుంచి వ్యవసాయ లోకానికి ఏం కావాలో పట్టికలో వెతికాం. కంప్యూటర్లు జయాన్స్‌లో టన్ను 67.2, లావేలో 89.6. మా డబ్బుకు రెండు టన్నులే వచ్చాయి. 20 టన్నుల గదిలో రెండు టన్నుల సరుకు. అయినా అవి అమ్మి, ఇంధనం పోసుకున్నాక లావేలో మా నిల్వ 180కి దగ్గరగా తేలింది. ఒక రాకపోకలో 100 కాస్తా 180 అయింది.

మే రెండో వారం: ధర ఎలా పుడుతుంది

ధరలు గాలివాటంగా మారుతున్నాయని మొదట అనిపిస్తుంది. అలా కాదు. ఎలీట్‌లో ధర పుట్టే సూత్రాన్ని ఇయన్ బెల్ తర్వాత విడుదల చేసిన, అక్షరాలతోనే నడిచే చిన్న వ్యాపార ప్రోగ్రామ్‌లో ఎవరైనా చూడవచ్చు. మా ఖాతాలోని అంకెలు ఆ సూత్రానికి చాలా దగ్గరగా ఉన్నాయి కాబట్టి దాన్ని పుస్తకం మధ్య పేజీలో పెద్ద అక్షరాలతో రాయించాను.

ప్రతి లోకానికీ ఒక ఆర్థిక సంఖ్య ఉంటుంది. సంపన్న పారిశ్రామిక లోకానికి 0, నిరుపేద వ్యవసాయ లోకానికి 7, మిగతావి ఆ మధ్యలో. లావేది 5, జయాన్స్‌ది 1. ప్రతి సరుకుకూ ఒక మూల సంఖ్య, ఒక వాలు, కొంత చపలత్వం (రోజుకో తీరుగా మారే సంఖ్య) ఉంటాయి. వాలును లోకం సంఖ్యతో గుణించి మూల సంఖ్యకు కలపాలి. దానికి ఆ రోజు చపలత్వం చేర్చి, వచ్చినదాన్ని 0.4తో గుణిస్తే ధర.

ఆహారం మూల సంఖ్య 19, వాలు మైనస్ 2, చపలత్వం 0 లేదా 1. లావేలో 19లో 10 పోతే 9, దాన్ని 0.4తో గుణిస్తే 3.6. జయాన్స్‌లో 19లో 2 పోతే 17, గుణిస్తే 6.8. మేం కొన్న ధర, అమ్మిన ధర అచ్చంగా ఇవే. మావాడు ఈ రెండు లెక్కలూ తానే చేసి, కలం కింద పెట్టి, తెర వైపు చాలాసేపు చూశాడు. ఆట లోపలి గేరు ఒకటి చేతికి తగిలిన ఆనందం అది. అది నాకూ కలిగింది.

కంప్యూటర్ల మూల సంఖ్య 154, వాలు ప్లస్ 14, చపలత్వం 0 నుంచి 3 వరకే. అంటే ఎప్పుడు వెళ్లినా ధర దాదాపు మారదు. పారిశ్రామిక లోకంలో కొని వ్యవసాయ లోకంలో అమ్మితే లాభం ఖాయం. బొచ్చు తోళ్లది వేరే స్వభావం. మూల సంఖ్య 176, వాలు మైనస్ 9, చపలత్వం మాత్రం 0 నుంచి 63 దాకా. లావేలో ఒకరోజు 52, ఇంకోరోజు 77. ఇలాంటి సరుకును చవకగా ఉన్న రోజు చూసి పట్టుకోవాలి, లేనిరోజు వదిలేయాలి. మద్యం మధ్యస్థం: లావేలో 23 నుంచి 29 వరకు, జయాన్స్‌లో 31 నుంచి 37 వరకు. లోహ మిశ్రమాల వాలు 1 మాత్రమే. వాటిని ఎటు మోసినా ఓడకు బరువే తప్ప లాభం లేదు. బంగారం, ప్లాటినం కిలోల్లో, రత్నాలు గ్రాముల్లో అమ్ముతారు. అవి టన్నుల చోటు తీసుకోవు గానీ వాటి వాలు కూడా స్వల్పమే.

ఇప్పుడు అసలు విషయం. లాభాన్ని రెండు రకాలుగా కొలవవచ్చు. ఆహారం మీద టన్నుకు మిగిలేది 3.2 క్రెడిట్లే, కానీ పెట్టుబడి మీద చూస్తే నూటికి 89. కంప్యూటర్ల మీద టన్నుకు 22.4, నూటికి 33. ఈ రెంటిలో ఏది మంచిది? జవాబు ఓడలో ఉండదు, జేబులో ఉంటుంది. వంద క్రెడిట్లు ఉన్నవాళ్లకు డబ్బు కొరత, చోటు పుష్కలం. వాళ్లు నూటికి ఎంతో చూడాలి, అంటే గది నిండా ఆహారం మోయాలి. రెండు వేలు ఉన్నవాళ్లకు డబ్బు పుష్కలం, చోటు కొరత. వాళ్లు టన్నుకు ఎంతో చూడాలి. ఆహారం మోయడం వాళ్లకు చోటు దండగ. ఆటలో ఆహారం లాభమా కంప్యూటర్లు లాభమా అని అడిగేవాళ్లు చాలామంది ఈ ఒక్క మాట చెప్పరు: తమ దగ్గర ఎంత ఉందో.

ఆ తర్వాతి రాకపోకలో ఆహారం 16 టన్నులు అలాగే ఉంచి, వస్త్రాల చోట నాలుగు టన్నుల మద్యం వేశాం. తిరుగుప్రయాణంలో మూడు టన్నుల కంప్యూటర్లు. నిల్వ 300 దాటింది. ఆ మరుసటిసారి మద్యం తీసేసి, చవకగా ఉన్న రోజు చూసి 55కి బొచ్చు తోళ్లు ఎత్తి 78కి అమ్మాం. గదిలో ఎక్కువ భాగం ఇంకా తిండే. మిగిలిన కొద్ది చోటులోనే సరుకు స్థాయి మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది.

మే మూడో వారం: పెద్ద గది కొనాలా

జయాన్స్‌లో నిల్వ 440 దగ్గర ఉండగా పరికరాల పట్టికలో ఒక వరుస దగ్గర మావాడి వేలు ఆగింది. పెద్ద సరుకు గది, 400 క్రెడిట్లు. 20 టన్నుల ఓడ 35 టన్నులది అవుతుంది. ఎక్కడ చదివినా కొత్తవాళ్లు ముందు కొనాల్సింది అదేనని ఉందట.

నేను కాదన్నాను. వాదన చాలాసేపు సాగింది, ఆ పేజీ నిండా ఇద్దరి లెక్కలూ ఉన్నాయి. నా వాదన ఇది: ఉన్న 20 టన్నుల గదిని కంప్యూటర్లతో నింపాలంటేనే 1,344 క్రెడిట్లు కావాలి. మన దగ్గర 440 ఉంది, ఆరు టన్నులకు సరిపోతుంది. పద్నాలుగు టన్నుల చోటు ఖాళీగా పోతుంటే ఇంకో పదిహేను టన్నుల ఖాళీ చోటును 400 పెట్టి కొనడం దేనికి? అదే డబ్బు కంప్యూటర్లలో పెడితే లావే చేరేసరికి 130కి పైగా తెస్తుంది. గదిలో పెడితే మన చేతిలో 40 మిగులుతుంది, మళ్లీ మొదటికొస్తాం.

వాడి వాదనలోనూ బలం ఉంది. లావే నుంచి పోయేటప్పుడు ఆహారం చవక కదా, పెద్ద గది ఉంటే ఇంకా ఎక్కువ తిండి పోస్తాం కదా అన్నాడు. కానీ లావే మార్కెట్లో ఆహారం 16 టన్నులకు అటూ ఇటూనే దొరుకుతోంది. ఆర్థిక సంఖ్యను బట్టి ధర మారినట్టే నిల్వ కూడా మారుతుంది, దానికీ ఒక హద్దు ఉంటుంది. పోయడానికి తిండే లేనప్పుడు గోదాము పెంచి ఏం లాభం? చివరికి ఒక గీత గీశాం: గది మొత్తాన్నీ కంప్యూటర్లతో నింపి, పైన 400 మిగిలిన రోజున, అంటే నిల్వ 1,750 దాటాక పెద్ద గది. ఆపైన అదనపు పదిహేను టన్నులు రెండు వైపులా నిండితే, పోనూ రానూ కలిపి ఒక్క రాకపోకలోనే తమ ఖరీదు తెచ్చేస్తాయి. కంప్యూటర్ల మీద 336, తోళ్ల మీద సగటున 200 పైమాటే.

అలాగే చేశాం, అలాగే జరిగింది. గీత దాటిన వెంటనే కొన్నాం, మరుసటి రాకపోకలోనే ఖర్చు తిరిగొచ్చింది. అప్పటినుంచి ఆహారం మానేశాం.

మే నాలుగో వారం: దారిలో

సరుకు విలువ పెరిగాక భయం కూడా పెరుగుతుంది. 35 టన్నుల కంప్యూటర్లంటే 2,300కి పైగా, అంటే దాదాపు మా సర్వస్వం.

దూకుడు ముగిశాక ఓడ స్టేషన్‌కు చాలా దూరంలో తేలుతుంది. అక్కడినుంచి గ్రహం దాకా సూటి దారి. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే జె మీట నొక్కి అతివేగంగా పోవచ్చు. దగ్గరలో ఇంకో ఓడ ఉంటే ఆ వేగం పనిచేయదు, మామూలు నడకే. అందరూ ఆ సూటి దారినే వెళ్తారు కాబట్టి దొంగలు కూడా దాని మీదే కాచుకుంటారు. మేం దూకుడు ముగియగానే ఓడను పక్కకు తిప్పి, దారికి బాగా ఎడంగా జరిగి, అప్పుడు గ్రహం వైపు వంపుగా వస్తున్నాం. దూరం పెరుగుతుంది గానీ ఎవరూ అడ్డురారు, అతివేగం తెగకుండా పనిచేస్తుంది. చివరికి సమయం కూడా కలిసొస్తుంది.

ఏ లోకానికి పోవాలో కూడా ముందే చూడాలి. లోకాల ప్రభుత్వాలు ఎనిమిది రకాలు. అరాచకం రాజ్యమేలే చోట దొంగలు ఎక్కువ, కార్పొరేట్ రాజ్యంలో, ప్రజాస్వామ్యంలో తక్కువ. లావే పక్కనే ఉన్న రీడ్‌క్వాట్ అరాచక లోకం. అక్కడ ధర ఎంత ఆశపెట్టినా పోలేదు. లావే నియంతృత్వ లోకం కాబట్టి అక్కడా నిశ్చింత లేదు.

ఒక సాయంత్రం లావే దగ్గర ముగ్గురు చుట్టుముట్టారు. దారికి ఎడంగానే ఉన్నాం, అయినా తగిలారు. మావాడు పోరాడతానన్నాడు. మన లేజర్ సంగతి తెలుసు కాబట్టి వద్దన్నాను. డి మీట నొక్కితే సరుకు డబ్బాలు ఒక్కొక్కటిగా వెనక్కి జారతాయి. నాలుగు డబ్బాలు వదిలేసరికి ఇద్దరు వాటి వైపు మళ్లారు, మూడోవాడు మాత్రం కొంతదూరం వెంటాడి వదిలేశాడు. కవచం సగానికి పైగా పోయింది. స్టేషన్ చేరాక ఖాతాలో నష్టం కాలమ్ కింద వాడే రాశాడు: "కంప్యూటర్లు 4 టన్నులు, దొంగలకు." దాచుకున్న పాత ఆటను తెరిచి ఆ ప్రయాణాన్ని మళ్లీ ఆడవచ్చు. ఆడకూడదని మేం ముందే అనుకున్నాం. పోయిన సరుకు పుస్తకంలో కనపడాలి, లేకపోతే ఆ పుస్తకానికి విలువ ఉండదు.

ఆటను దాచుకోవడం స్టేషన్‌లో ఉన్నప్పుడే కుదురుతుంది. మే నెలలో మా దగ్గర సాయంత్రం గాలివాన ఎప్పుడు లేస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు ఆగదు. అందుకని ఆకాశం మబ్బు పట్టిందంటే స్టేషన్ వదలడం లేదు. ఆ సమయాన్ని ధరల పేజీలు పూర్తిచేయడానికి వాడుతున్నాం.

ఇంకో సంగతి రాయాలి. మార్కెట్ పట్టికలో ఆహారం, వస్త్రాల తర్వాత కొంచెం కిందనే బానిసలు అనే వరుస ఉంటుంది, టన్నుల లెక్కన. మత్తుమందులు, ఆయుధాలతో పాటు అది కూడా నిషిద్ధ సరుకే. తీసుకుపోతే నేరస్థుల జాబితాలో పేరెక్కుతుంది, పోలీసుల వైపర్ ఓడలు వెంటపడతాయి. "చాలా చవక అత్తా, అవతల మంచి ధర" అన్నాడు మావాడు, అంకెలు చూసి. ఈ కొండల్లోనే గోతి పేరుతో కొద్దిపాటి అప్పుకు మనిషిని ఏళ్లకేళ్లు కట్టిపడేసిన కాలం ఉంది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం 1976లో వచ్చింది. ఆ కథ వాడికి చెప్పాను. మా నాయనమ్మ చెప్పగా విన్నవి కొన్ని ఉన్నాయి, అవి కూడా చెప్పాను. వాడు ఆ వరుస మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాడు. ఇది ఆటే అయినా, మా పుస్తకంలో మనిషికి ధర రాయం.

జూన్ మొదటి వారం: లీస్తి, డిసో

లావేను వదిలేశాం. ఎలీట్ కాలం నుంచి వ్యాపారులకు బాగా అలవాటైన జోడీ లీస్తి, డిసో. లీస్తి పారిశ్రామికం, కార్పొరేట్ రాజ్యం. డిసో వ్యవసాయం, ప్రజాస్వామ్యం. రెండూ ఒక్క దూకుడు దూరంలో ఉన్నాయి, రెండూ ప్రశాంతమైనవే. లీస్తిలో కంప్యూటర్లు 70కి కాస్త పైన, డిసోలో 95 దగ్గర. డిసో నుంచి తోళ్లు, మద్యం. రెండు వైపులా గది నిండుతుంది, రెండు చివరలా దొంగల బెడద తక్కువ. మేం గీసుకున్న లెక్కలన్నీ ఈ జోడీ దగ్గర కలిశాయి.

ఒక ఇబ్బంది ఉంది. లీస్తిలో కంప్యూటర్లు ప్రతిసారీ 35 టన్నులు దొరకవు. 28, 30 టన్నుల దగ్గర ఆగిన రోజులున్నాయి. మిగిలిన చోటులో విలాస వస్తువులు లేదా యంత్రాలు వేస్తున్నాం. వాటి మీద టన్నుకు కంప్యూటర్ల మీద వచ్చే దానిలో దాదాపు సగం మిగులుతుంది, ఖాళీ చోటు కన్నా నయం.

డబ్బు చేరుతుంటే ఇప్పుడు కొరత మళ్లీ మారింది. నగదుకూ లోటు లేదు, చోటుకూ లేదు. దారిలో గడిచే సమయం, దారిలో ఉండే ప్రమాదం, ఈ రెండే మిగిలాయి. అందుకే 600 క్రెడిట్లు పెట్టి ఇంధన ఇంజెక్టర్లు కొన్నాం. ఇవి ఇంధనాన్ని నేరుగా మండించి ఓడను మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా తోస్తాయి, పక్కన ఇంకో ఓడ ఉన్నా పనిచేస్తాయి. పోట్లాడటం రాని వ్యాపారికి ఇంతకన్నా మంచి కవచం లేదు. వీటిని వాడాలంటే ట్యాంకులో ఎప్పుడూ కొంత మిగలాలి కాబట్టి దూకుడు దూరం తక్కువగా ఉన్న జోడీ మాకు ఇంకా కలిసొచ్చింది.

డాకింగ్ కంప్యూటర్ లావేలో దొరకదు, దాని సాంకేతిక స్థాయి తక్కువ. లీస్తిలో దొరుకుతుంది. శనివారం సాయంత్రం తోళ్లు అమ్మాక నిల్వ చూసుకుంటే పూర్తి లోడుకు డబ్బు పక్కన పెట్టి కూడా 1,500 వస్తోంది. కొన్నాం. అదే రాత్రి డిసో దగ్గర సి మీట నొక్కి ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని చూశాం. ఓడ తనంతట తానే బోయా దగ్గరికి పోయింది, తిరిగింది, స్టేషన్‌తో పాటు దొర్లింది, లోపలికి పోయింది. మావాడికి అందులో కొంత వెలితి కనిపించింది. వాడి చేతికి ఆ పని చాలా బాగా పట్టుబడింది మరి. తోచినప్పుడు చేత్తోనే దించుతానన్నాడు, సరేనన్నాను.

జూన్ రెండో వారం: ముందున్న పని

లక్ష్యం తీరింది గానీ ఓడ ఆగలేదు. బడి తెరిచాక రోజూ ఆడటం కుదరదు, ఆదివారాలే. అందుకని తక్కువ ప్రయాణాల్లో ఎక్కువ మిగిలే పని చూస్తున్నాం. స్టేషన్‌లో పార్శిళ్లు చేరవేసే ఒప్పందాలు దొరుకుతాయి. వాటికి సరుకు గదిలో చోటు అక్కర్లేదు, గడువులోగా చేరిస్తే కూలి ముడుతుంది. అంటే 35 టన్నుల సరుకు ఎలాగూ మోస్తూనే, అదే దారిలో పార్శిల్ డబ్బు అదనం. విలువైన పార్శిళ్ల కోసం వెంటాడేవాళ్లు ఉంటారు కాబట్టి మొదట చిన్నవే తీసుకుంటాం. గడువు, దూరం, దారిలోని లోకాల ప్రభుత్వాలు అని మూడు కొత్త కాలమ్‌లు పుస్తకంలో గీశాడు మావాడు.

తర్వాతి కొనుగోలు గురించి ఇంకా ఒక మాటకు రాలేదు. వాడికి మన పల్స్ లేజర్ కన్నా బలమైన బీమ్ లేజర్ కావాలి, 1,000 క్రెడిట్లు. నాకు ఈసీఎం కావాలి, 600. మన మీదికి వచ్చే క్షిపణులను అది దారిలోనే పేల్చేస్తుంది. దొంగను కొడితే వచ్చే బహుమతి కొద్దిదే, దొంగ కొట్టకుండా ఉంటే 2,300 విలువైన సరుకు నిలుస్తుంది అని నా లెక్క. లేజర్ ఉంటే నాలుగు డబ్బాలు వదలాల్సిన పని ఉండేది కాదని వాడి లెక్క. వచ్చే ఆదివారం లీస్తిలో దిగేలోపు ఇద్దరం చెరో పేజీలో అంకెలతో వాదన రాయాలి. ఎవరి పేజీలో లెక్క నిలిస్తే ఆ పరికరం కొంటాం.